వాన చూడ్డానికి బస్సెక్కిన హెలికాప్టరు

చింతలగెడ్డలో ఎవర్నయినా ఆపి "ఈ ఊళ్ళో తెలివైనవాళ్ళెవరండీ?" అని అడిగితే, ముసిముసిగా నవ్వి వీధి చివరి పెంకుటింటి వైపు వేలు చూపిస్తారు. ఆ నవ్వెందుకో ఆ ఇంట్లోవాళ్ళకి మాత్రం తెలీదు. వేలు తమ వైపు తిరిగిందా లేదా, అంతే, వాళ్ళకి కావలసింది.

ఆ ఇంట్లో ముగ్గురు. వడ్రంగి గౌరీసు, అతని తమ్ముడు అప్పలకొండ, గౌరీసు పెళ్ళాం పైడమ్మ. ముగ్గురిలోనూ పైడమ్మకి తన తెలివి మీద గురెక్కువ.

"ఊళ్ళోవాళ్ళు మాట విని, దానికి ఏదో అర్థం ఊహించేసుకుంటారు మావా. మనం అలాక్కాదు. ఎవరేటంటే అదే చేస్తాం. ఒక్క అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు" అనేది మొగుడితో.

నిజమే మరి. ఆమధ్య పోస్టుమాస్టరు "కాస్త తలుపు చూస్తూ ఉండు పైడమ్మా" అని టీకి వెళ్ళాడు. పైడమ్మ రెప్పెయ్యకుండా తలుపునే చూసింది. ఈలోగా కిటికీలోంచి మేక దూరి ఉత్తరాలన్నీ నమిలేసింది. పైడమ్మకి ఆ నమిలే చప్పుడు వినపడింది గానీ, చూడమన్నది తలుపుని గదా!

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. బుర్రల మాట ఎలా ఉన్నా ఆ అన్నదమ్ముల చేతుల్లో పనితనం ఉంది. గౌరీసు ఉలి పడితే కొయ్యలోంచి పిచిక లేచి ఎగిరిపోతుందేమో అనిపించేది. అందుకే మిలిటరీ నాయుడు ఏరికోరి వాళ్ళింటికే వచ్చాడు.

సూరపనాయుడు మిలిటరీలో హెలికాప్టర్లు బాగుచేసే మెకానిక్కుగా పాతికేళ్ళు పనిచేసి వచ్చినవాడు. చేతిలో రంగు వెలిసిన ఫొటో ఒకటుంది. దాన్ని జాగ్రత్తగా పీట మీద పెట్టాడు.

"పెద్ద తుపానప్పుడు గెడ్డ పొంగి ఊరు మునిగింది, గుర్తుందా? బడి డాబా మీదికి వచ్చి జనాన్ని ఎక్కించుకున్నది ఈ హెలికాప్టరే. నడిపింది మా పరాంకుశం దొరగారు. వెనకాల కూచుని చేతులందించింది నేను."

"నన్నూ ఎక్కించారు నాయుడు బాబూ! నాకప్పుడు ఏడేళ్ళు" అంది పైడమ్మ.

"ముప్పయ్యేళ్ళకి ఇప్పుడు దొరగారు ఈ ఊరు చూడ్డానికొస్తున్నారు. వచ్చే ఆదివారం కాదు, పై ఆదివారం. ఆయన చేతిలో ఈ హెలికాప్టరు బొమ్మ పెట్టాలని నా కోరిక. నేనే చేద్దును గానీ కళ్ళు సహకరించడం లేదు. కంటి ఆపరేషనుకి విశాఖపట్నం వెళ్తున్నాను. మీరు చేసి పెట్టండి. అసలుదానికి ముప్పై అయిదో వంతు చెయ్యండి. అంత చాలు."

పైడమ్మకి ఒళ్ళు పులకరించింది. తన ప్రాణం కాపాడిన దొరగారి కోసం పని! ఇందులో పొరపాటు రానిస్తుందా?

అంతే, ముగ్గురూ ఫొటో ముందేసుకుని కూచున్నారు. స్కేలు పెట్టి గీతలు గీసి హెలికాప్టర్ని ముప్పై అయిదు ముక్కలు చేశారు. అందులో ఒక్క ముక్క ఎంచుకున్నారు. తోక చివర. మర్నాడు నాయుడు బస్సెక్కబోతూ తొంగిచూసేసరికి వాకిట్లో మనిషెత్తు చెక్క రెక్క ఒకటి నిలబెట్టి ఉంది.

"ఇదేంట్రా?"

"ముప్పై అయిదో వంతు బాబూ. తోక వంతు మాకొచ్చింది. మిగతా ముప్పైనాలుగు వంతులూ ఎవరికిచ్చారు?" అన్నాడు గౌరీసు.

నాయుడు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. "ఒరే నాయనా, మొత్తం హెలికాప్టరే. కాకపోతే చిన్నది. జానాబెత్తెడు పొడుగు. తోకా, తలుపులూ, చక్రాలూ అన్నీ ఉండాలి. పైన రెక్కలు తిరగాలి. ముందర అద్దాలు పెట్టాలి. ఆకుపచ్చ రంగు వేసి, ఆరాక చెయ్యి వెయ్యండి. తెలిసిందా?"

"తెలియడానికేముంది!" అంది పైడమ్మ.

నాయుడు వెళ్ళిపోయాడు. అన్నదమ్ములిద్దరూ నాలుగు రోజులు ఉలి దించలేదు. పొట్ట, తోక, తలుపులు, వేలెడంత నిచ్చెన... మీసమంత తేడా లేకుండా ఫొటోలో ఉన్నట్టే దిగింది. అక్కడితో ఆగిపోతే ఈ కథే లేదు.

"రెక్కలు తిరగాలన్నాడు. ఎక్కడెక్కడ తిరగాలో?" అన్నాడు అప్పలకొండ.

"చోటు చెప్పలేదంటే అన్నిచోట్లా అన్నమాటే మరిదీ" అంది పైడమ్మ.

ఇంకేముంది! అప్పలకొండ రెక్కలు మూడూ ఊడదీసి సైకిలుకి కట్టుకుని బయల్దేరాడు. సంత తిప్పాడు, రైసుమిల్లు తిప్పాడు, రైలుగేటు దాకా తీసుకెళ్ళి గూడ్సుబండి చూపించాడు. సంతలో టీ తాగుదామని దిగి సైకిలు పడేస్తే, ఒక రెక్క కొస మీద నుంచి బండి చక్రం వెళ్ళింది. దానికి రాగితీగ చుట్టి సాయంత్రానికి ఇంటికొచ్చాడు.

"బాగా తిరిగాయా?"

"నా కాళ్ళు పడిపోయాయి వదినా. వాటికి మాత్రం అలుపు లేదు."

తర్వాత అద్దాలు. ఇంట్లో ఉన్న అద్దాలల్లా గౌరీసు కళ్ళజోడే. తీసి హెలికాప్టరు మూతికి తగిలించారు, కాడలు చెవుల్లేక వెనక్కి వేలాడాయి గానీ చూడ్డానికి పెద్దమనిషిలా ఉంది. అంతే, గౌరీసుకి లోకం మసకైపోయింది. ఆ మసకలోనే రంగు పట్టుకున్నాడు. హెలికాప్టరుకి వేశాడు, పీటకి వేశాడు, పీట పక్కన కదులుతున్నదేదో తోకభాగమనుకుని దానికీ రెండు పూతలు వేశాడు. అది పైడమ్మ కోడిపెట్ట. ఆకుపచ్చ పెట్ట కెవ్వుమని అరిచి హెలికాప్టరు మీదికెక్కి ఈ కొస నుంచి ఆ కొసకి పరిగెత్తి గోడ దూకింది. ఒళ్ళంతా గోళ్ళ గీతలు!

"అయ్యో, గీతలు పడ్డాయి!" అన్నాడు అప్పలకొండ.

"గీతలు పడకూడదని నాయుడు బాబు అన్నాడా?"

"అన్లేదు."

"మరింకేం! చెప్పనిదాని గురించి బెంగెందుకు?"

రంగు ఆరిందనిపించాక ముగ్గురూ రెండేసి చేతులూ వేశారు. వేసి నిలబడ్డారు. ఎంతసేపు వెయ్యాలో నాయుడు చెప్పలేదు. తియ్యమనీ చెప్పలేదు. పొద్దున్న వేసిన చేతులు మధ్యాహ్నందాకా తియ్యలేదు. అప్పలకొండ నిలబడే కునికాడు. పైడమ్మకి ముక్కు దురద పెట్టి, తిట్టి తిట్టి గౌరీసు గడ్డంతో గోకించుకుంది. చివరికి ఫోను మోగితే తప్పనిసరై చేతులు తీశారు. లోపల రంగు పచ్చిగానే ఉందేమో, హెలికాప్టరు పక్కలకి వేళ్ళ ముద్రలు అచ్చుగుద్దినట్టు పడ్డాయి.

ఫోనులో నాయుడు. "ఆపరేషనయింది. బొమ్మ ఎలా ఉంది?"

"నిగనిగలాడుతోంది బాబూ" అంది పైడమ్మ.

"నిగనిగలాడకూడదమ్మీ! కొత్త పెళ్ళికొడుకులా ఉంటే దొరగారు గుర్తుపట్టరు. అది యుద్ధాలు చేసిన బండి. ఎండా వానా చూసినట్టుండాలి. ఇంజిను దగ్గర పొగ పట్టాలి. కింద బురద అంటాలి. అప్పుడే దానికి ప్రాణమొస్తుంది."

పైడమ్మ ఫోను పెట్టేసి గర్వంగా చూసింది. "చూశావా మావా, నీ అద్దాలు ముందే పెట్టడం ఎంత మంచిదైందో! అవి లేకపోతే ఎండా వానా ఎలా చూస్తుందీ?"

ఎండ సులువే. వైశాఖమాసం. పెంకుల మీద కూచోబెట్టి మొహం సూర్యుడికేసి తిప్పారు. ఆ ఎండకి రంగు వెలిసి అక్కడక్కడ పొక్కులు లేచింది. కానీ వాన ఎక్కణ్ణించి తెస్తారు? ఆకాశంలో మబ్బు తునక లేదు. రెండు రోజులు చూశారు. మూడో రోజు ఎగువ కొండల్లో వాన పడుతోందని పాలవాడు చెప్పాడు. అంతే, పైడమ్మ హెలికాప్టర్ని చంకనేసుకుని బస్సెక్కింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు కండక్టరు.

"వాన పడేచోటికి."

"ఏం పని?"

"నాకేం పనీ లేదు నాయినా. ఇది వాన చూస్తానంది."

కండక్టరు ఆ కళ్ళజోడు పెట్టుకున్న హెలికాప్టర్ని చూశాడు, పైడమ్మని చూశాడు, ఇంకేమీ అడక్కుండా కిటికీ పక్క సీటిచ్చాడు. దారి పొడవునా పైడమ్మ దానికి ఊళ్ళు చూపిస్తూనే ఉంది. కొండ దగ్గర దిగితే జోరువాన. హెలికాప్టర్ని రాయి మీద పెట్టి, అద్దాలు తడిసినప్పుడల్లా కొంగుతో తుడిచి, "కనపడుతోందా? బాగా చూడు" అంటూ పక్కనే తడిసి ముద్దయింది. వచ్చేటప్పుడు కాలు జారి ఇద్దరూ మడిలో పడ్డారు. బురద పని కూడా అక్కడే తీరిపోయింది.

మిగిలింది పొగ. వంటింట్లో పొయ్యి పైన ఉట్టికి వేలాడగట్టారు. పచ్చికట్టెల పొగ. కింద పెనం మీద ఎండుచేపలు వేగుతూనే ఉన్నాయి. రెండు రోజులకి హెలికాప్టరు పొగచూరి, చేపల కంపు కొట్టి, పొరుగువాళ్ళ పిల్లి వచ్చి దాని కిందే కాపురం పెట్టింది.

ఆదివారం పొద్దున్న నాయుడు కంటికి పట్టీతో దిగాడు. ఆ రెండో కంటితో చూశాడు. రెక్కకి రాగితీగ, ఒళ్ళంతా గోళ్ళ గీతలు, చేతిముద్రలు, పొక్కులు, బురద, మసి. మూతికి కళ్ళజోడు.

"ఓరి మీ తెలివి తగలెయ్యా!" అని కింద కూచుండిపోయాడు. అరవలేదు, తిట్టలేదు. ఆ ఒంటి కంట్లో నీళ్ళు తిరిగాయి. "ముప్పయ్యేళ్ళ నుంచి ఆ మనిషికి ఏదో ఒకటివ్వాలని..."

పైడమ్మ హెలికాప్టర్నీ, నాయుణ్ణీ మార్చి మార్చి చూసింది. చెప్పినవన్నీ చేసిందే! ఏ అక్షరం తప్పింది? వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. ఒక్కటీ తప్పలేదు. మరి ఈ పెద్దాయన ఏడుస్తున్నాడేం?

ఇంతలో వీధిలో కారాగింది. తెల్లమీసాల పొడుగాటి మనిషి దిగాడు. నాయుడు హెలికాప్టర్ని వెనక దాచబోయాడు. పరాంకుశం గారు చెయ్యి చాపి తీసుకున్నారు. వాకిట్లో నిలబడి అటూ ఇటూ తిప్పి చూశారు. వేలితో ఆ చేతిముద్రల్ని తడిమారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. ఒక్కసారి ఆయన మీసాలు వణికాయి.

"నాయుడూ, ఇది ఎవరు చేశార్రా? ఆ రోజు డాబా మీంచి లేస్తుంటే పక్కలకి ఇలాగే కదూ జనం చేతులు పడ్డాయి! తిరిగెళ్ళి చూస్తే అన్నీ బురద చేతులే. కడగబుద్ధి కాలేదు మనకి. ఈ ఎండుచేపల వాసన... ఒక ముసలమ్మ బుట్ట వదిలి రానంది, జ్ఞాపకముందా? లోపలంతా వారం రోజులు కంపు!"

"ఆవిడ మా నాయనమ్మే బాబూ!" అని పైడమ్మ ముందుకొచ్చింది. "'బుట్ట వదిలెయ్' అన్నారట మీరు. బుట్ట వదిలేసింది. చేపలు మాత్రం ఒళ్ళో పోసుకుంది. తెలివి మాకు అక్కణ్ణించే వస్తోంది."

పరాంకుశం గారు పగలబడి నవ్వారు. నాయుడు కూడా ఏడుపులోంచి నవ్వులోకొచ్చాడు.

"కొత్తగా మెరిసే బొమ్మలు నా గదిలో చాలా ఉన్నాయమ్మా. నేను నడిపిన బండి మాత్రం ఇదే. ఈ కళ్ళజోడెందుకో ఒక్కటే అర్థం కాలేదు గానీ, దీన్ని చూస్తుంటే కడుపు నిండిపోయింది."

పైడమ్మ చెవులు నిక్కించింది. గబగబా లోపలికెళ్ళింది. దొరగారి కోసం తెల్లారగట్ల లేచి చేపల పులుసు, బెల్లం పరమాన్నం చేసిపెట్టుకుంది మరి.

"మావా, ఆయనకి కడుపు నిండిపోయిందట. నిండిన కడుపు మీద తింటే ప్రమాదం. వద్దంటే మొహమాటపడతాడు. ముందే కానిచ్చెయ్యండి."

ఇంకేముంది, ముగ్గురూ కూచుని గిన్నెలు నాకి బోర్లించారు. పిల్లి కూడా ఒక ముక్క తింది. మధ్యాహ్నం రెండు దాటాక పరాంకుశం గారు మెల్లిగా, "ఇందాక ఏదో పులుసు వాసనొచ్చినట్టుందే?" అన్నారు.

"వచ్చింది బాబూ. మీకు ప్రమాదం లేకుండా తినేశాం" అన్నాడు గౌరీసు.

దొరగారు నాయుడి మొహం చూశారు. నాయుడు నేల చూశాడు. చివరికి రెండు అరటిపళ్ళు, చెంబెడు మజ్జిగతో సరిపెట్టుకుని, సాయంత్రం దాకా పాత కబుర్లు చెప్పుకున్నారు. మునిగిన బడిని, ఇప్పుడు కట్టిన బడిని చూసొచ్చారు. బయల్దేరే వేళకి హెలికాప్టర్ని చంటిపిల్లాడిలా గుండెకానించుకుని వాకిట్లో నిలబడ్డారు.

"మీ అందరినీ వదిలి వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదు" అన్నారు.

"ఓలమ్మో!" అంది పైడమ్మ. "పొద్దున్న బాగానే నడిచారే! మావా, మంచం తే! మరిదీ, ఆ కొస పట్టు!"

"అది కాదమ్మా..." అనేలోపు దొరగారు నులకమంచం మీద పడ్డారు. హెలికాప్టరు ఆయన పొట్ట మీద. ముందు గౌరీసు, కళ్ళజోడు లేదు గనక దారి చెప్తూ పక్కన పైడమ్మ, వెనక అప్పలకొండ. కాళ్ళకి కట్టు కట్టే వైద్యుడు నాలుగు మైళ్ళ అవతల ఉన్నాడు. అంతే, పరుగు! వెనక ఒంటి కంటితో నాయుడు, ఆ వెనక డ్రైవరు తోలుకొస్తున్న ఖాళీ కారు.

మంచం మీద పరాంకుశం గారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. నవ్వి నవ్వి కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి.

పైడమ్మ తల తిప్పి ఆ నీళ్ళు చూసింది. "నొప్పి ఎక్కువైనట్టుంది మావా, తట్టుకోలేకపోతున్నాడు! ఇంకా జోరుగా పరిగెత్తండి!"