అడుగు లేని గూళ్ళు

కాలవగట్టు తుమ్మచెట్టు మీద గిజిగాడు పోలయ్య ఉన్నాడే, గూడు అల్లడంలో వాణ్ణి కొట్టేవాడు ముల్లోకాల్లో లేడు. గాలివానకి చెట్టు కూలినా పోలయ్య గూడు మాత్రం గాల్లోనే వేలాడుతుంటదంట. నమ్మకపోతే మీ ఖర్మ!

వాడి పద్ధతి ఒకటే. పైకప్పూ గోడలూ అల్లి ఆపేస్తాడు. కొనే పిట్ట వచ్చి, వేలాడి, లాగి, పీకి చూసి "సరే" అన్నాకే కింద అడుగు వేస్తాడు. కూలి జొన్నగింజలు. ఆ గింజలతోనే వానాకాలమంతా పిల్లల కడుపు నిండాలి.

ఈ ఏడు మబ్బులు దిగాయి గానీ పిట్ట ఒక్కటీ రాలేదు. పోలయ్య ఆ కొమ్మకీ ఈ కొమ్మకీ కాలు కాలిన పిల్లిలా తిరిగాడు.

"ఏం సీతాలొదినా, గూడొద్దా?" అని పావురాన్ని అడిగాడు.

"ఈ ముళ్ళలోకి ఎవరొస్తారయ్యా! నక్క జంబయ్య సెల్లులో నొక్కితే గూడు ఇంటికే వస్తదంట, నచ్చకపోతే వెనక్కీ తీసుకుంటాడంట."

అంతలో జంబయ్యే దిగాడు, సెల్లు ఊపుకుంటా. "అల్లుడూ, నీ గూళ్ళ ఫోటోలు ఇందులో పెడతా. అడివంతా నీ బేరమే!"

"నీకేంటి మామా లాభం?"

"నీ బాగు చూడ్డమే!"

నక్క బాగు కోరిందంటే కోడి తన ఈకలు తడుముకోవాలి. పైగా జంబయ్య వెనక రెండు కోతులు గడ్డిపరకలు ముడేస్తా, గూళ్ళ వంకే గుడ్లప్పగించి చూస్తన్నాయి. పోలయ్యకి వెలిగింది. వీడు అమ్మేది నా గూళ్ళు కాదు, నా గూళ్ళలాంటివి!

తను కాపురముండే గూడుకి రెక్కలు అడ్డం పెట్టి, అడుగు వెయ్యని సగం గూళ్ళు చూపించాడు. "తీసుకో మామా, కొత్త మోడళ్ళు."

"కింద ఈ బొక్కేంట్రా?"

"గాలి మామా, గాలి! ఇప్పుడంతా అదే ఫ్యాషను."

"నాకు తెలీదేంటి!" అని జంబయ్య టకటకా ఫోటోలు లాగాడు.

వారం తిరక్కుండా కోతులు అల్లిన గూళ్ళు చెట్టుచెట్టుకీ చేరాయి, సగం గింజలకే. పోలయ్యకి నిద్ర లేదు. అతితెలివికి పోయి నా కొంప నేనే ముంచుకున్నానా? ఇంట్లో గింజలు అడుగంటాయి. పెళ్ళాం ముక్కుతో పొడిచింది. ఆగలేక సీతాలు దగ్గరికి ఎగిరాడు.

"వదినా, లాగి చూడకుండా అందులో గుడ్డు పెట్టకు."

"బేరం పోయిందని కుళ్ళయ్యా నీకు!"

మర్నాడు మంచిరోజని, ఎవరూ ఇంకా గూళ్ళలో దూరకముందే, జంబయ్య అందర్నీ పిలిచి సీతాలు చేత తొలి గృహప్రవేశం చేయించాడు. తను సరిగ్గా గూడు కిందే నిలబడి, "చూడండి, అయిదు చుక్కల గూడు!" అన్నాడు. సీతాలు లోపలికి దూరి దర్జాగా కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే జారి, దబ్బున నక్క నెత్తిన పడింది.

"ఒరే జంబిగా! గూడు అమ్మావా, గొట్టం అమ్మావా?"

"గాలి సీతాలూ... ఫ్యాషను..."

"గాలి నీ బుర్రలో ఉంది!"

పిట్టలన్నీ గూళ్ళు ఊడబీకి నక్క బొరియలో కుమ్మరించాయి. "నచ్చకపోతే వెనక్కి తీసుకుంటానన్నావుగా, తీసుకో!" బొరియ నోరు మూసుకుపోయింది. అప్పుడే వాన అందుకుంది.

తుమ్మచెట్టు కింద పిట్టలు వరస కట్టాయి. పోలయ్య అడుగులు అల్లుతానే అరిచాడు: "పులిని చూసి నక్క వాత పెట్టుకుందని విన్నా గానీ, పిట్టని చూసి పెట్టుకోడం ఇదే చూడ్డం మామా!"

జంబయ్య ఓ సగం గూడు నెత్తిన బోర్లించుకుని వానలో తడుస్తా కూర్చున్నాడు.

బొమ్మ చూసి కాపీ కొట్టినోడికి పైకప్పే దొరుకుద్ది, అడుగు దొరకదు.