రెండు దమ్ముల నిప్పు

అనగనగా అని మొదలెడితే ఎప్పటి మాట అని అడుగుతారు కదా పిల్లలూ! ఓడలకి తెరచాపలు ఉండే రోజుల మాట. రాజుగారి కోట కంటే రేవులో కొబ్బరిచెట్లే ఎత్తుగా కనబడే రోజుల మాట. ఆ రోజుల్లో సముద్రం ఒడ్డున గవ్వలరేవు అని ఒక పట్నం ఉండేది.

ఆ పట్నానికి ఒక ఆచారం ఉండేది. ఎంత ముచ్చటైన ఆచారమో వినండి. నోట్లో చుట్ట వెలుగుతున్నవాడు, నిప్పు అడిగినవాడికి లేదనకూడదు. అడిగినవాడు మూటలు మోసే కూలీ కానివ్వండి, మేడలో ఉండే షావుకారు కానివ్వండి. చుట్టకి చుట్ట ఆనించాలి. ఇచ్చేవాడు గట్టిగా రెండు దమ్ములు లాగాలి. అప్పుడు కొస ఎర్రగా రాజుకుని, అవతలి చుట్ట అంటుకుంటుంది. ఆ రెండు దమ్ముల సేపూ ఇద్దరి మొహాలూ దగ్గరదగ్గరగా ఉంటాయి. అంత దగ్గరికొచ్చాక "పిల్లలు బాగున్నారా?" అనకుండా ఎవడుంటాడు చెప్పండి? ఆ రేవులో సగం పెళ్ళిళ్ళు అలా కుదిరినవే!

చుట్ట మంచిదని నేను అనటం లేదు సుమా. ఒళ్ళు గుల్ల చేస్తుంది. కానీ ఈ కథ చుట్టలదే, ఏం చెయ్యను!

రేవు పక్కన ఒక గుట్ట. దాని పేరు దీపంగుట్ట. రేవులోకి వచ్చే దారిలో నీళ్ళ కింద పెద్ద పెద్ద బండలున్నాయి. గుట్ట మీద మంట కనబడితేనే ఓడవాళ్ళు బండల్ని తప్పించుకుని లోపలికి రాగలరు. ఆ మంట వేసేవాడు కొర్లయ్య. రాత్రీ పగలూ ఒక కుంపట్లో నిప్పు ఆరకుండా కాపాడుకుంటూ ఉండేవాడు. అతనికి నా అనేవాడు ఒక్కడే, తమ్ముడు గున్నయ్య. తల్లి పోయాక ఎత్తుకుని పెంచాడు వాణ్ణి. ఇప్పుడు గున్నయ్య ఓడలో చుక్కాని పట్టే పనిలో చేరాడు.

గుట్ట కింద ఒక గిడ్డంగి, దానికో పెద్ద అరుగు. ఆ అరుగు మీద రోజూ సాయంత్రం ముగ్గురు పెద్దమనుషులు చేరేవారు. ఉప్పు వర్తకుడు గవరయ్య శెట్టి. రాజుగారి సైన్యంలో పనిచేసి మానుకున్న దాలినాయుడు. కోటలో లేఖలు రాసి రాసి వేళ్ళు వంకరపోయిన కూర్మనాథం పంతులు. ముగ్గురికీ ఒకటే పిచ్చి. ఏడు సముద్రాల అవతల క్యూబా అనే దీవి నుంచి వచ్చే చుట్ట! మరొకటి ముట్టరు. ఆ చుట్ట వాసన చూసి "ఆహా, ఇది కొండ వాలున పండిన ఆకు" అనేవాడు ఒకడు. "కాదు, కాలవ గట్టున పండింది" అనేవాడు ఇంకొకడు. ఆ దీవి మొహం ముగ్గురిలో ఎవరూ చూళ్ళేదు, అది వేరే సంగతి.

వాళ్ళ చుట్టలకి నిప్పు ఎక్కడిదనుకున్నారు? కొర్లయ్య కుంపటిదే. రోజూ పొద్దువాలే వేళకి పెంకు మీద నాలుగు కణికలు పెట్టుకుని గుట్ట దిగి వచ్చి ఇచ్చి పోయేవాడు. ఏనాడూ ఒక్క గవ్వ అడగలేదు.

అరుగు చివర ఎండుచేపల గంపతో అసిరమ్మ అనే ముసలమ్మ కూర్చునేది. ఆవిడదీ చుట్టే. కాకపోతే ఊళ్ళో ఆకు చుట్ట, గవ్వకి రెండు. పైగా అడ్డపొగ తాగేది. అంటే ఏమిటో తెలుసా? నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు మూసుకుని కాల్చటం! పడవల్లో తిరిగే ఆడవాళ్ళు నేర్చిన విద్య అది. గాలికి ఆరదు, వానకి తడవదు.

"ఏమే అసిరమ్మా, నిప్పు మింగి బతుకుతున్నావా?" అని నవ్వేవాడు శెట్టి.

అసిరమ్మ చుట్ట తీసి, "నా నిప్పు నా నోట్లో ఉంది బాబూ. మీదే ఊరందరికీ కనబడుతూ ఉంటాది" అని మళ్ళీ నోరు మూసుకునేది.

గున్నయ్య క్యూబా వెళ్ళే ఓడ ఎక్కిన రోజున ఆవిడ దగ్గరికి వచ్చి, "అప్పా, నీకూ ఒక దీవి చుట్ట అట్టుకొస్తాను" అన్నాడు.

"నాకేటికిరా? నిన్ను నువ్వు అట్టుకు రా. చాలు" అంది అసిరమ్మ.

ఆ ఓడ వెళ్ళాక ఇంకో ఓడ సరుకు తెచ్చింది. అందులో చుట్ట ధర రెండింతలు! ఇదేమిటయ్యా అంటే, ఓడ వర్తకుడు చేతులు కట్టుకుని "దీవిలో గాలివాన కొట్టిందట బాబూ, పంట పోయిందట" అన్నాడు.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ధర పెరిగిందంటే సరుకు మంచిదన్నమాటే" అన్నాడు శెట్టి. తిట్టుకుంటారనుకున్నారా? లేదు, ఎప్పటికంటే ఎక్కువే కొన్నారు! పెట్టెల్లో పెట్టి తాళం వేసుకున్నారు.

రెండో ఓడ వచ్చింది. ధర నాలుగింతలు. "తూర్పు దేశపు రాజులు మొత్తం కొనేస్తున్నారట బాబూ" అన్నాడు వర్తకుడు.

ఈసారి ముగ్గురూ పొదుపు నేర్చారు. సగం కాల్చి ఆర్పటం, మిగిలిన సగం వెండి డబ్బీలో దాచటం. కిటికీలు మూసుకుని కాల్చటం, పక్కింటివాడికి వాసన పోతుందని! భార్య తన చుట్ట పక్కనుంచి నడిస్తే శెట్టి, "నెమ్మదిగా నడవ్వే, నీ గాలికి కాలిపోతోంది" అని కసిరాడట.

మూడో ఓడ వచ్చింది. ధర ఎనిమిదింతలు. ఈసారి వర్తకుడు కారణం కూడా చెప్పలేదు. వీళ్ళు అడగనూ లేదు.

ఆ రోజు దాలినాయుడు మీసం దువ్వి ఒక మాట అన్నాడు. "ఒక్కసారి నిప్పు ఇస్తే రెండు దమ్ములు పోతున్నాయి. రోజుకి పదిమంది అడుగుతారు. ఇరవై దమ్ములు ఊరికే ఊళ్ళోవాళ్ళ పాలు! కనక ఇవాళ్టి నించి కట్టుబాటు. క్యూబా చుట్ట నిప్పు ఎవరికీ ఇవ్వకూడదు."

శెట్టి తలూపాడు. పంతులు చక్కని దస్తూరీతో తాటాకు మీద రాసి అరుగు స్తంభానికి కట్టాడు కూడా.

అంతే పిల్లలూ. అంత పాత ఆచారం, ఒక్క తాటాకుతో పోయింది. పెద్దవాళ్ళు మానేశారని చిన్నవాళ్ళూ మానేశారు. గవ్వకి రెండు చుట్టలు కాల్చేవాడు కూడా "నిప్పా? లేదు పో" అనటం మొదలుపెట్టాడు. రేవులో మొహాలు దగ్గరికి రావటం మానేశాయి. కొర్లయ్య మాత్రం ఎప్పట్లాగే కణికలు తెచ్చి ముగ్గురికీ ఇచ్చి పోయేవాడు.

ఇక ఆ రోజు వచ్చింది. గున్నయ్య ఓడ తిరిగి వచ్చే రోజు. కొత్త సరుకు దాంట్లోనే వస్తోంది, ధర తగ్గిందని పుకారు కూడా. ముగ్గురూ మిగిలిన చివరి చుట్టలు పట్టుకుని అరుగు మీద చేరారు. కొర్లయ్య రోజూ కంటే కాస్త ముందే వచ్చి నిప్పు ఇచ్చి, "ఈ పూట మా గున్నయ్య వస్తాడు బాబూ" అని నవ్వుకుంటూ గుట్ట ఎక్కాడు.

కాసేపటికి, చీకటి పడుతుండగా, దక్షిణాన మబ్బు లేచింది. లేచిన మబ్బు ఊరికే పోలేదు. గుట్ట మీద పాక కప్పు ఎగిరిపోయింది. కుంపట్లోకి వాన దిగింది. నిప్పంతా ఆరిపోయింది. చెకుముకి రాయి కొట్టి చూశాడు కొర్లయ్య. దూది తడిసిపోయింది, అంటుకుంటుందా? ఎండు కొబ్బరిపీచు మాత్రం తారుగుడ్డ కింద పొడిగా ఉంది. కావలసింది ఒక్క కణిక. ఊళ్ళో ఇళ్ళదాకా పోయి తెచ్చే వ్యవధి లేదు. పడుతూ లేస్తూ గుట్ట దిగి అరుగు దగ్గరికి పరిగెత్తాడు.

"శెట్టిబాబూ! కుంపటి ఆరిపోయింది. కూసింత నిప్పు! ఓడ వచ్చే వేళ!"

శెట్టి చుట్ట వెనక్కి లాక్కున్నాడు. "ఇది చుట్ట కాదురా కొర్లయ్యా, బంగారం. చివరిది. నాయుడుగారిది ఇంకా పొడుగ్గా ఉంది చూడు, ఆయన్నడుగు."

"నాయుడుబాబూ!"

"కట్టుబాటు చేసినవాణ్ణి నేను" అన్నాడు దాలినాయుడు. "నేనే తప్పితే రేపు ఎవడు నిలబెడతాడు? యుద్ధంలోనే మాట తప్పలేదు. అయినా ఈ గాలిలో ఏ ఓడ వస్తుందిరా?"

"మీ సుట్టలు ఉన్నాయి బాబూ ఆ ఓడలో! మా తమ్ముడున్నాడు!"

గాలి విసురుకి చుట్టలు గబగబా కాలిపోతున్నాయి. అది చూసి శెట్టీ నాయుడూ తమ చుట్టలు ఆర్పేసి వెండి డబ్బీల్లో పెట్టి మూత బిగించారు. కొర్లయ్య పంతులు వైపు తిరిగాడు.

పంతులు నోట్లో చుట్ట ఉంది. కానీ ఆయన నోరు విప్పి ఉపన్యాసం మొదలుపెట్టాడు. "అసలు నిప్పు అడగటానికి ఒక పద్ధతుందిరా. రాసి కట్టాం కదా, చదవటం రాకపోతే చదివించుకోవాలి. నువ్వు కావలివాడివి, నిప్పు కాపాడుకోవటం నీ బాధ్యతా, నా బాధ్యతా?"

కొర్లయ్య ఇక ఆగలేక ఆయన నోట్లోంచి చుట్ట లాక్కున్నాడు. చల్లగా ఉంది! నెల రోజులుగా పంతులు ఒకే చుట్టని, వెలిగించకుండా, ఉత్తినే నోట్లో పెట్టుకుని కూర్చుంటున్నాడు. కొర్లయ్య పెంకు తెచ్చినప్పుడల్లా చుట్టని కణికల దగ్గరికి దించి, వెలిగించుకున్నట్టు నటించేవాడు. కొనే తాహతు పోయింది. లేదని చెప్పే ధైర్యం రాలేదు.

"ఓహో పంతులూ!" అని శెట్టి పడీ పడీ నవ్వాడు. "మాకే వాసనల పాఠాలు చెప్పేవాడివే!"

ఆ నవ్వు మధ్యలో, సముద్రం మీంచి ఓడవాళ్ళు కొమ్ము ఊదటం వినిపించింది.

ఓడ వచ్చేసింది.

ముగ్గురి మొహాలూ పాలిపోయాయి. "తీసుకో కొర్లయ్యా, తీసుకో నిప్పు!" అంటూ శెట్టీ నాయుడూ డబ్బీలు తెరిచారు. నుసి. చల్లటి నుసి. ఎంత ఊదినా ఒక్క రవ్వ లేదు.

కొర్లయ్య వానలోకి వచ్చి, తలకిందులుగా బోర్లించిన పడవ పక్కన కూలబడ్డాడు. ఆ పడవ కింద తలదాచుకుని అసిరమ్మ ఉంది.

ఆవిడ నోట్లోంచి చుట్ట తీసి చూపించింది. కొస చివర ఎర్రగా నిప్పు! అంత గాలిలో, అంత వానలో, ఆ రేవు మొత్తానికి మిగిలిన నిప్పు అదొక్కటే.

"నన్నడగవేటిరా?" అంది.

చేతిలో తీసుకెళితే నాలుగడుగుల్లో ఆరిపోతుంది. అందుకని చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, డెబ్బై ఏళ్ళ ముసలమ్మ గుట్ట ఎక్కటం మొదలుపెట్టింది. కొర్లయ్య చెయ్యి పట్టుకుని లాగాడు. ఆవిడ జారిపడింది, అరవలేదు. మోకాలు చీరుకుంది, అరవలేదు. నోరు తెరిస్తే నిప్పు పోతుంది. పైకి చేరేసరికి చుట్ట గోరంత మిగిలింది. నాలుక బొబ్బలెక్కింది. పీచు మీద పెట్టి రెండు దమ్ములు ఊదింది.

దీపంగుట్ట మీద మంట లేచింది.

కానీ పిల్లలూ, ఆ మంట వెలుగులో కొర్లయ్యకి కనబడింది ఓడ కాదు. బండల మీద రెండుగా విరిగిన చెక్కలు.

ఓడలో పదకొండు మంది. మంటని గురిపెట్టుకుని ఏడుగురు ఈదుకుంటూ ఒడ్డుకి వచ్చారు. ఆ మంటే లేకపోతే ఆ ఏడుగురూ లేరు. గున్నయ్య రాలేదు.

వచ్చినవాళ్ళలో ఒకడు కొర్లయ్య కాళ్ళ దగ్గర కూలబడి చెప్పాడు. "సముద్రంలోకి తిరిగిపోదామన్నాడయ్యా మా సరంగు. గున్నయ్యే వద్దన్నాడు. 'మా అన్న దీపం పెట్టకుండా ఏనాడూ ఉండడు, కొంచెం ఆగండి, ఇప్పుడు పెడతాడు' అంటూ చుక్కాని పట్టుకునే ఉన్నాడు. బండ తగిలి నీళ్ళలో పడ్డాక వెలిగిందయ్యా నీ దీపం. ఇంకో రెండు దమ్ముల ముందు వెలిగుంటే..."

 

తెల్లవారాక రేవంతా క్యూబా చుట్టలే. అలలు వేలకి వేలు తెచ్చి ఒడ్డున పోశాయి. ఎవరైనా ఏరుకోవచ్చు, ధర లేదు. ఉప్పునీళ్ళకి నాని, ఉబ్బి, చేతిలోకి తీసుకుంటే పేడలా జారిపోతున్నాయి. అసిరమ్మ వాటి మధ్య నుంచే నడిచి, వాటిలో ఒక్కటి కూడా ముట్టుకోకుండా, గున్నయ్య కోసం ఆ ఒడ్డున మూడు రోజులు వెతికింది.

నాలుగో రోజు సాయంత్రం ముగ్గురు పెద్దమనుషులూ అరుగు మీద కూర్చున్నారు. డబ్బీల్లో చివరి ముక్కలు అలాగే ఉన్నాయి. పొద్దువాలింది. గుట్ట మీంచి ఎవరో దిగి వస్తున్న అడుగుల చప్పుడు.

కొర్లయ్య! చేతిలో పెంకు. పెంకు మీద నాలుగు ఎర్రటి కణికలు.

శెట్టి అరుగు మీద వెనక్కి జరిగాడు. "ఇంకా మాకెందుకు తెచ్చావురా?"

"అడిగేవాళ్ళకి నిప్పు లేదనకూడదు కదా బాబూ" అన్నాడు కొర్లయ్య. పెంకు అరుగు మీద పెట్టి, కళ్ళెత్తి చూడకుండా, మళ్ళీ గుట్ట ఎక్కిపోయాడు.

ముగ్గురిలో ఒక్కడూ చెయ్యి చాపలేదు. కణికలు బూడిద కమ్ముకుంటూ కమ్ముకుంటూ వాళ్ళ కళ్ళముందే ఆరిపోయాయి. పంతులు లేచి స్తంభానికి కట్టిన తాటాకు తెంపాడు. తెంపితే ఏం? పోయినవాళ్ళు వస్తారా?

గవ్వలరేవులో ఆ తరవాత ఎవరూ క్యూబా చుట్ట కొనలేదట. నిప్పిచ్చుకునే ఆచారం మళ్ళీ మొదలైందట కానీ, అందరూ తలలు వంచుకునే ఇచ్చుకునేవారట.

కనక పిల్లలూ, వస్తువు ధర పెరిగిందని మనిషి విలువ తగ్గించినవాడికి చివరికి ఆ వస్తువూ దక్కదు, ఆ మనిషీ మిగలడు.