నల్లగుట్ట మీద సున్నపు చుక్కలు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు పిల్లలూ. ప్రతి ముళ్ళపొదకూ ఒక పేరు పెట్టి పిలుచుకునే తీరిక మనుషులకు ఉన్న కాలం అది. ఆ కాలంలో, వాన ఎప్పుడో గాని పలకరించని ఎర్రనేలల సీమను తిమ్మభూపాలుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయన కోటకు ఎదురుగా నల్లగుట్ట ఉండేది. గుట్ట కింద ఇరవై గడపల పల్లె. ఆ పల్లెలో మేకలు కాచుకుని బతికే ఆడమనిషి సుంకులమ్మ.

సుంకులమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ గుట్ట మీద మొలిచిన ప్రతి చెట్టూ చేమా ఆమెకు తెలుసు. వానాకాలంలో పువ్వు చూసి పేరు చెప్పడం ఎవరైనా చేస్తారు. ఆమె నడివేసవిలో, ఆకు రాల్చి పుల్లల్లా నిలబడ్డ పొదను కూడా పోల్చుకునేది. గోటితో బెరడు గీరి లోపలి రంగు చూసేది. గీరిన వేలు వాసన చూసేది. ముళ్ళు ఒంటిగా ఉన్నాయో జంటగా ఉన్నాయో చూసేది. పేరు నోటికి వచ్చేసేది. ఇదంతా వాళ్ళమ్మ నేర్పింది, వాళ్ళమ్మకు అమ్మమ్మ నేర్పింది.

ఒక వేసవిలో రాజుగారికి కొత్త కోరిక పుట్టింది. మేడెక్కి చూస్తే కంటికి ఎదురుగా ఎండిన గుట్టే కనబడుతోంది, అక్కడ గులాబీలూ చేమంతులూ పూస్తే ఎంత ముచ్చటగా ఉంటుంది అనుకున్నాడు. ఆస్థానంలో మార్తాండ పండితుడని ఒకాయన ఉండేవాడు. నిండుగా నీళ్ళు పారే నదీతీరంలో చదువుకుని వచ్చినవాడు. ఆయన దగ్గర మూడు వందల పూల బొమ్మలున్న తాటాకుల గ్రంథం ఉండేది. గుట్ట మీద పనికొచ్చే మొక్కలేవో, పనికిరానివేవో తేల్చి రమ్మని రాజు ఆయనను పంపాడు.

ఎప్పుడు పంపాడో తెలుసా? రోహిణి కార్తెలో. రోళ్ళు పగిలే ఎండలో ఏ మొక్క పూస్తుంది, ఏ కొమ్మ చిగురిస్తుంది?

పండితుడు గొడుగు కింద నడుస్తూ పొద పొదకూ ఆగి గ్రంథం తిరగేశాడు. గ్రంథంలో ఉన్నవన్నీ పూలు. గుట్ట మీద ఉన్నవన్నీ పుల్లలు. కలవని ప్రతిదాన్నీ ఆయన పిచ్చిమొక్క అన్నాడు. ఆయన అన్నదే తడవు, వెనక వస్తున్న భటుడు దాని మొదట్లో సున్నంతో తెల్లటి చుక్క పెట్టాడు. చుక్క పడిందంటే కొట్టేయాలని ఆజ్ఞ. సాయంత్రానికి గుట్టంతా చుక్కలే. తనకు తెలియదన్న ఒక్క మాట ఆ మహానుభావుడి నోట రాలేదు. చెబుతుంటే నాకే ఒళ్ళు మండుతోంది.

మర్నాడు గొడ్డళ్ళు దిగాయి. మూడు రోజుల్లో తూర్పు వాలు బోడి అయింది.

గుట్ట పోతే మేకలకు మేత లేదు. మేకలు పోతే పల్లెకు బతుకు లేదు. అది అందరికీ తెలుసు. కానీ రాజుతో మనకెందుకని పెద్దలంతా నోరు మూసుకుని కూర్చున్నారు. సుంకులమ్మ కూర్చోలేదు. మేకలను తోలుకుని నేరుగా కోటకు నడిచింది. కాపలావాళ్ళు ఆమెను ఆపారు గాని మేకలను ఆపలేకపోయారు. అవి లోపలికి దూరి చేమంతి మడులు మేస్తుంటే, ఆ గోలకు రాజే బయటికి వచ్చాడు.

ఆమె దండం పెట్టి ఒకటే అడిగింది. పండితుణ్ణి వెంటబెట్టుకుని ఒక్క పూట గుట్ట మీదికి రావాలి. చుక్క పడిన మూడు పొదలు తను చూపిస్తుంది. వాటిలో ఒక్కటి పనికిరానిదైనా తను మేకలను వదిలేసి దేశాలు పట్టి పోతుంది. రాజుకు ఇదేదో వినోదంగా తోచింది. సరేనని బయలుదేరాడు.

మొదటి పొద వాగు ఒడ్డున ఉంది. పండితుడు దాన్ని చూడకుండానే పిచ్చిమొక్క అన్నాడు. సుంకులమ్మ ఆయన గ్రంథాన్ని ఒకసారి విప్పమంది. విప్పితే తాటాకుల నడుమ నుంచి ఎండుటాకులు రాలాయి. అవేమిటని రాజు అడిగితే గ్రంథం మోసే నౌకరు, పురుగు పట్టకుండా వావిలాకు పెడతామని చెప్పాడు. సుంకులమ్మ పొదకు మిగిలిన నాలుగు ఆకుల్లో ఒకటి తెంపి నలిపి, రాలిన ఆకుతో కలిపి రాజు చేతిలో పెట్టింది. రెండింటిదీ ఒకే ఘాటు. ఇన్నేళ్ళూ ఆయన చదువును కాపాడింది ఆ పిచ్చిమొక్కే.

రెండో పొద రాళ్ళ మధ్య ఉంది. పండితుడు ఈసారి కాస్త వంగి చూశాడు, చూసినా అదే మాట అన్నాడు. సుంకులమ్మ ఆయనను చెప్పులు విడవమంది. కాళ్ళు కాలుతాయని ఆయన విడవలేదు.

“కాలకుండా కాపాడేది ఇదే సామీ,” అందామె. “ఇది తంగేడు. దీని చెక్క నానబెట్టిన నీళ్ళతోనే మా పల్లెలో తోలు పదును చేస్తారు. నీ కాళ్ళకున్న చెప్పులు, దొర నడుముకున్న పటకా, అన్నీ అట్లా అయినవే.”

పండితుడి ముఖం మాడిపోయింది. అయినా బింకం వదల్లేదు. ఆకులూ తోళ్ళూ వేరే చోట దొరకవా అన్నాడు. రాజుకూ మనసు గులాబీల మీదే ఉంది. పల్లెవాళ్ళకు వేరే చోట గుడిసెలు వేయిస్తానని, దిగులు పడవద్దని ఆమెకు నచ్చజెప్పబోయాడు.

“ఎక్కడున్నా బతుకే కదమ్మా,” అన్నాడు. “బతికుంటే బలుసాకు తిని బతకొచ్చు.”

అంతవరకూ ఓర్చుకున్న సుంకులమ్మకు ఆ మాటతో అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె కేకలేమీ పెట్టలేదు. రాజుకు ఎదురుగా వచ్చి నిలబడింది.

“బలుసు అంటే ఏది దొరా? చూపించు.”

రాజు అటూ ఇటూ చూశాడు. పండితుడి వంక చూశాడు. పండితుడు గ్రంథం మొదటి నుంచి చివరి దాకా తిప్పాడు. బలుసు పువ్వు గోటిలో సగం ఉండదు. దానికి బొమ్మ వేసే ఓపిక ఎవరికుంది? గ్రంథంలో లేదు.

సుంకులమ్మ రాజు పక్కనే ఉన్న పొద దగ్గరికి వెళ్ళింది. ఎదురెదురుగా జంట ముళ్ళున్న పొద. దాని మొదట్లో తెల్లటి సున్నపు చుక్క.

“మూడో పొద ఇదే. ఇదే బలుసు. నా చిన్నప్పుడు కరువొస్తే మా అమ్మ దీని ఆకు ఉడకేసి మమ్మల్ని బతికించింది. కరువొస్తే దీన్ని తినమంటావు. కరువు రాకముందే దీన్ని కొట్టేయమంటావు. ఇంక మేం ఏం తిని బతకాల దొరా? నీ సామెత తిని బతకాల్నా?”

చిన్ననాటి నుంచి ఆ సామెతను రాజు వెయ్యిసార్లు అని ఉంటాడు. ఆకలేసిన వాళ్ళకు చెప్పాడు, కాటకంలో పన్ను తగ్గించమన్న వాళ్ళకు చెప్పాడు. ఆ ఆకు ఎలా ఉంటుందో ఒక్కనాడూ అడగలేదు. సిగ్గుతో ఆయన తల వాలిపోయింది.

అక్కడికక్కడే గొడ్డళ్ళు ఆపించాడు. పండితుడి చేతికి నీళ్ళకుండ ఇప్పించి, ప్రతి చుక్కనూ తన చేత్తోనే కడగమన్నాడు. కడిగే ముందు ఆ పొద పేరు సుంకులమ్మను అడగాలి, విని తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే తర్వాతి పొద దగ్గరికి పోకూడదు. మొదటి రోజు పండితుడు పళ్ళు కొరుక్కుంటూ అడిగాడు. పదో రోజుకు “ఇదేమిటి తల్లీ” అని అడిగాడు. ఇరవయ్యో రోజుకు తనంతట తానే గోటితో బెరడు గీరి వాసన చూశాడు.

రాజు సుంకులమ్మకు బంగారు కడియం ఇవ్వబోయాడు. ఆమె వద్దంది. తూర్పు వాలు తిరిగి ఇమ్మంది. రాజు కడియాన్ని వెనక్కి తీసుకున్నాడు.

వానలు పడ్డాయి. పడమటి వాలు మీద తంగేడు పసుపుపచ్చగా విరబూసింది, తుమ్మి తెల్లగా పూసింది, నేల మీద విష్ణుక్రాంతం నీలంగా పరుచుకుంది. బలుసు చిగిర్చింది. తూర్పు వాలు మీద పట్టుకునే వేళ్ళు లేక మన్నంతా ఎర్రనీళ్ళయి కోట చుట్టూ ఉన్న కందకంలోకి కొట్టుకుపోయింది. ఎలాగూ బోడి అయిందని రాజు అక్కడ నాటించిన గులాబీలు నెల తిరక్కుండా చచ్చాయి. మిగిలిన బండరాళ్ళను ఆ రాజు బతికినన్నాళ్ళూ పొద్దున్నే మేడ మీద నుంచి చూడాల్సి వచ్చింది.

కాబట్టి పిల్లలూ, పేరు తెలియని మొక్క మీద గొడ్డలి ఎత్తకూడదు. ముందు తెలిసినవాళ్ళను అడగాలి.