చేతికందే కొమ్మ

ఓబులేసు కొండెక్కి వచ్చేసరికి దస్తగిరి తాత చాపమీద కూర్చుని మునగాకు దూస్తున్నాడు. ఓబులేసు పక్కనే కూలబడ్డాడు కానీ రెమ్మ అందుకోలేదు. ఆరేళ్ళ శిష్యరికంలో అతను తాత పక్కన ఊరికే కూర్చున్నది అదే మొదటిసారి.

తాత ఫకీరు. కొండమీది చిన్న దర్గాలో దీపం పెట్టడం ఆయన పని. మిగిలిన పొద్దంతా చెట్లతోనే గడిచేది. ఆ రాళ్ళ వాలులో సీతాఫలం, రేగు, వెలగ, మునగ పెంచాడు. వాటి సందుల్లో కొర్ర, కంది, అనుములు వేసేవాడు. ఒకటి ఎండితే ఇంకొకటి నిలిచేది. అసలు మా వైపు కొండల్లో సీతాఫలం ఎవరు నాటారని అడిగితే ఎవరూ చెప్పలేరు. దారిన పోతూ తిన్నవాళ్ళు ఊసిన గింజలేనని మా అవ్వ అనేది. కరువు ఏళ్ళలో ఆమె తరం పిల్లలు ఆ పండ్లతోనే బతికారట. సరే, చెప్పొచ్చేది ఓబులేసు సంగతి.

ఓబులేసు తాత దగ్గర నేర్చుకున్నది తన నాలుగెకరాల్లో చేశాడు. ఊరివాళ్ళు నవ్వారు. "వేరుశనగ వేసుకోక అడివి వేసుకుంటాడా!" అన్నారు. ఆ తర్వాత వరసగా రెండేళ్ళు వాన పడలేదు. వేరుశనగ వేసిన చేలన్నీ మాడిపోయాయి. జనం ఇళ్ళకు తాళాలు వేసి కూలికి బెంగుళూరు బస్సెక్కారు.

"ఏం రా, ముఖం అట్ల పెట్టినావు?" అన్నాడు తాత.

"నువ్వు చెప్పినట్టే చేసినా తాతా. ఊరంతా ఎండితే నా తోట ఒక్కటే పచ్చగుండాది."

"మంచిదే గదా."

"చూసేవాడు లేడు. ముప్ఫై ఇండ్లకూ తాళాలే. పొద్దున లేస్తే నా దగ్గు నాకే వినపడతాంది. పిడికెడు ఆకు వండుకుంటే రెండు పూటలొస్తాంది. ఎవరితో తినాల?"

తాత ఇంకో రెమ్మ అందుకున్నాడు.

"బొగ్గుల మేస్త్రీ శుక్రవారం గొడ్డళ్ళతో వస్తానన్నాడు. చెట్లన్నీ బొగ్గులకు కొట్టించేసి నేనూ బెంగుళూరు పోతా. నా పెండ్లాం సుంకమ్మ ఉన్నచోటే ఇటుకలు మోస్తా. పొమ్మంటావా, వద్దంటావా?"

"మీ ఆడమనిషి పొయ్యేటప్పుడు ఏం తీసకపోయింది?"

"బట్టల మూట. సద్ది."

"తోటలోది?"

ఓబులేసు చాప అంచున లేచిన పోచ ఒకటి పీకాడు. "నా కూతురు గంగి ఒక సీతాఫలం అడిగింది తాతా. చేతికందే కొమ్మకే ఉండె."

"ఇచ్చినావా?"

"ఇడిసిపొయ్యేవాళ్ళకు నా తోటలో కాయ లేదన్నా. పాదు తవ్వుతా ఉన్నా, తల ఎత్తలేదు."

తాత దూసిన ఆకును గోనెలో వేసి, ఆ గోనె భుజాన వేసుకుని లేచాడు. "పద" అన్నాడు.

ఆయన కొండ దిగి పదేళ్ళయింది. మోకాలు పట్టేసి దారిలో నాలుగుచోట్ల కూర్చున్నాడు. ఊళ్ళోకి వచ్చారు. అరుగుల మీద దుమ్ము పేరుకుపోయి ఉంది. ఒక కుక్క లేచి వీళ్ళను చూసింది గాని మొరగలేదు.

ఓబులేసు తోట చుట్టూ రొమ్మెత్తున ముళ్ళకంప. తాత దాని ముందు నిలబడ్డాడు.

"ఊళ్ళో మేక కూడా లేదు గదరా. ఈ కంప ఎవరికి?"

ఓబులేసు తోట దారికి అడ్డం వేసిన కంప లాగి దారి ఇచ్చాడు.

"కాయలు కొయ్యి" అన్నాడు తాత. ఓబులేసు పై కొమ్మల్లోని పెద్ద కాయలకేసి చూశాడు. "పైవి వద్దు. చేతికందేటివి."

సీతాఫలం కోయడానికి ఒక అదను ఉంటుంది. పైన గళ్ళు విచ్చి, సందుల్లో తెల్లటి గీత కనిపించాలి. అంతకుముందు కోస్తే పండదు, రాయిలా ఉండి నల్లబడిపోతుంది. గీత కనిపించాక కోసి గడ్డిలో పెడితే మూడోనాటికి పండుతుంది. ఓబులేసు గళ్ళు చూసి ఒక్కో కాయ కోశాడు. ఒకచోట అతని చెయ్యి ఆగింది. గంగి అడిగిన కాయను పక్షులు ఎప్పుడో తినేశాయి. కొమ్మకు తొడిమ మాత్రం మిగిలింది.

తాత పదకొండు కాయలను కొర్రగడ్డిలో పేర్చి తన తుండుగుడ్డలో మూట కట్టాడు.

"రేపటికి చేరతావు. ఎల్లుండికి పండుతాయి. నడుమ ఎక్కడన్నా కూచుంటివా, పండి పగిలి నీ చొక్కా ఖరాబు చేస్తాయి."

"శుక్రవారం మేస్త్రీ వస్తాడు తాతా."

"రానీ. నేనుంటా."

ఆయన మోకాలు పట్టుకుని మెల్లగా చెట్టు కింద కూర్చున్నాడు. గోనె విప్పి ఆకు పక్కన పెట్టుకున్నాడు.

"మరి కొండమీద నీ తోటకు కాపలా ఎవరు?"

"దానికి కంచె ఎప్పుడుండె రా, కాపలా ఉండేదానికి?"

ఓబులేసు మూట ఎత్తుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. "వాళ్ళు నాతో రామంటే?"

"నువ్వు పోతాండేది పండ్లు ఇచ్చేదానికి" అన్నాడు తాత.

ఓబులేసు బయటికొచ్చి, అలవాటుగా వంగి కంప పట్టుకున్నాడు. తర్వాత దాన్ని దారికి అడ్డం వేయకుండా దూరంగా ఈడ్చి, ఎండిన వంకలో పడేశాడు. ముల్లు గుచ్చుకున్న వేలు నోట్లో పెట్టుకుని బస్సు రోడ్డు వైపు నడిచాడు.

ఊరి చివర ఒక్కసారి వెనక్కి చూశాడు. తాళాలు వేసిన ఇళ్ళ అవతల, ఆ పచ్చటి చెట్ల కింద ముసలాయన ఒక్కడే తల వంచుకుని ఆకు దూస్తున్నాడు.