గిన్నె అడుగున వెలసిన నీలిరేవు తల్లి

నీలిరేవు గిన్నెమ్మ తల్లి గుడికి గోపురం లేదు. సరుగుడు తోట దాటి సముద్రం వైపు నడిస్తే, పెంకుల కప్పు కింద నడుమెత్తు అరుగు ఒకటి వస్తుంది. ఆ అరుగు మీద దోసిట్లో పట్టేంత పింగాణీ గిన్నె ఉంటుంది. ఆ గిన్నే అమ్మవారు. తెల్లని గిన్నె లోపల, సరిగ్గా అడుగున, నీలిరంగు కుంచెతో వేసిన చిన్న బొమ్మ ఉంది. మధ్యాహ్నం వేళకు వచ్చిన భక్తులకు వెంటనే దర్శనం కాదు. అప్పుడు గిన్నె నిండా చద్దన్నమూ, అన్నం పులియబెట్టిన నీళ్ళు తరవాణీ ఉంటాయి. ఎవరో ఒకరు కూర్చుని ఆ అన్నం తినాలి. తిన్నాకనే అమ్మ కనిపిస్తుంది. ఇదేం ఆచారమని కొత్తవారు అడుగుతుంటారు. తీరిగ్గా వినదగిన కథ అది.

పూర్వం ఇక్కడ ఇరవై గడపల పల్లె ఉండేది. అందులో కొర్లమ్మ అనే ముసలమ్మకు ఎల్లాజీ ఒక్కడే కొడుకు. సముద్రం మీద చేపల వేటకు వెళ్ళిన ఎల్లాజీ ఒకనాడు తిరిగి రాలేదు. పదకొండో రోజున అతని తెప్ప దుంగ ఒక్కటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. కోడలు అసిరమ్మకు అప్పుడు ఐదో నెల. ఆ పిల్ల ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. అన్నం మానేసింది, అంతే.

కొర్లమ్మ బతిమాలింది. కసిరింది. చేపల పులుసు వండి ముందు పెట్టింది. "ఆడు ఏటి తిన్నాడో తెల్దు. నాకెలా దిగుద్దత్తా?" అని అసిరమ్మ గోడ వైపు తిరిగి పడుకునేది. కొడుకుని సముద్రం పట్టుకుపోయింది. ఇప్పుడు కోడలూ, కడుపులో ఉన్న బిడ్డా కళ్ళముందే జారిపోతున్నారు. కొర్లమ్మకు మిగిలిన భయం అదొక్కటే.

ఆ రోజుల్లోనే ఒడ్డున నిలబడి అలివి అనే పెద్ద వల లాగుతున్నవారికి చేపలతో పాటు గిన్నెల దొంతర ఒకటి పడింది. జపాను దేశంలో రోజూ తినే అన్నం గిన్నెల మీద కూడా చేత్తో బొమ్మలు వేసే పనివారు ఉంటారు. అలాంటి గిన్నెలు వేసుకుని పోతున్న ఓడ ఎన్నడో మన తీరాన మునిగిందట. దొంతర విడదీయబోతే అన్నీ పగిలి ఒక్కటి మిగిలింది. దాని లోపలంతా నత్తగుల్లలు రాయిలా గడ్డకట్టి ఉన్నాయి.

"ములిగిపోయినోళ్ళ కంచం అది. ముట్టుకోకండి," అన్నాడు కులపెద్ద గురయ్య. అందరూ వెనక్కి జరిగారు.

కొర్లమ్మ ఆ మధ్యాహ్నం వల బాగుచేస్తూ ఇసుకలోనే కునుకు తీసింది. కలలో ఒక గొంతు వినిపించింది. "నేను అడుగున ఉన్నాను. నీ కోడలి చేత అన్నం తినిపించు, పైకి వస్తాను." ముసలమ్మ ఉలిక్కిపడి లేచి, గిన్నెను కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చింది. గుల్లలు పోను మిగిలిన చోటులో నాలుగు మెతుకులు వేసి, కుండలో పులిసిన తరవాణి పోసింది.

"ఇది ఆడున్న కాడి నుంచి వచ్చింది. ఆ నీళ్ళలోంచే," అంది.

అసిరమ్మ గోడ వైపు నుంచి ఇటు తిరిగి గిన్నెను అందుకుంది. రెండు ముద్దలు తింది.

మూడోనాడు గిన్నె కడుగుతుంటే అడుగున ఒక గుల్ల ఊడివచ్చి, వెంట్రుకంత నీలిగీత బయటపడింది. "అత్తా, ఏటో గీత!" అంది అసిరమ్మ. ఆ ఇంట్లో నెల రోజులకు వినిపించిన మొదటి కేక అది. గీత చూడడానికి పల్లె పల్లెంతా వచ్చింది. ఒకరు చేప తోక అన్నారు. "నీ మొకం, అది పీత కాలు," అంది పక్కింటి పైడమ్మ. అసిరమ్మ మాత్రం మెల్లగా, "తెరచాప కొయ్య," అంది. రేపటికి ఇంకాస్త కనిపిస్తుందని ఆ పూట గిన్నెడూ తింది. మర్నాడు అలల గీతలు బయటపడ్డాయి.

కొర్లమ్మ కల సంగతి విని గురయ్యకు భయం పట్టుకుంది. దేవత వెలుస్తున్న గిన్నెలో ఎంగిలికూడు తింటే పల్లెకు అరిష్టమని, గిన్నెను తెప్పించి ఈ అరుగు కట్టించి దాని మీద పెట్టించాడు. పసుపు రాశారు, పాలు పోశారు, పూలు కప్పారు. తొమ్మిది రోజులు గడిచినా గుల్ల చెక్కు చెదరలేదు. ఓపిక చాలక ఒకడు కత్తిమొనతో గీకాడు. గిన్నె మీద గాటు పడింది, గుల్ల మాత్రం ఊడలేదు. ఆ తొమ్మిది రోజులూ అసిరమ్మ మంచినీళ్ళతో సరిపెట్టుకుంది.

పదోనాడు కొర్లమ్మ తరవాణి కుండ చంకనెత్తుకుని అరుగు దగ్గరికి వచ్చింది.

"ముసిల్దానా, ఎంగిలి సేత్తావేటి?" అన్నాడు గురయ్య.

"ఎంగిలి పడని తల్లయితే పుల్లకూడుకి కదిలేదేటి బావా? తొమ్మిది దినాలు పూలు పెట్టినావు. ఆ యమ్మకీ ఆకలే, నా కోడలికీ ఆకలే. అడ్డు లెగు."

గురయ్య పక్కకు జరిగాడు. పూలు తీసేసి, గిన్నె కడిగి, అరుగు మీదే కోడలిని కూర్చోబెట్టి కొర్లమ్మ అన్నం పెట్టింది. ఆ రోజు మొదలు రోజూ అక్కడే. పౌర్ణమినాటికి ఆఖరి గుల్ల ఊడింది. అసిరమ్మ గిన్నెను ముఖం దగ్గరికి తీసుకుని చూసింది.

"ఓడ కాదత్తా. కొయ్యా కాదు," అంది. "ఆడమనిషి. రేవులో నిలబడింది. ఈపున బిడ్డని కట్టుకుంది."

ఆ మాట చెప్పి, అప్పుడు ఏడ్చింది. ఏడ్చి, గిన్నె చాపి, "ఇంకొంచెం పెట్టత్తా," అంది.

పులుపుకు గుల్ల కరుగుతుందని బడి పిల్లలు ఈ కథ విని చెబుతుంటారు. నిజమే, మంచి పిల్లలు. అయితే తొమ్మిది రోజులు పూల కింద ఎండిన గిన్నెలోకి ఆ పులుపును మళ్ళీ తెచ్చింది ఎవరి ఆకలో కూడా ఆలోచించుకోవాలి.

అసిరమ్మ కూతురి వంశంలోని ఆడవారే నేటికీ ఇక్కడ అర్చకులు. గర్భిణులు, పుట్టెడు దుఃఖంలో అన్నం సహించనివారు ముందుగా అరుగు ఎక్కుతారు. మిగిలిన భక్తులు ఇంటి నుంచి తెచ్చుకున్న పింగాణీ గిన్నెల్లో ప్రసాదం తీసుకుంటారు. గిన్నెలో మెతుకు మిగల్చరు. కత్తిగాటు ఇప్పటికీ బొమ్మ పక్కనే ఉంది. దానికి బొట్టు పెట్టరు. అడుగున తమకు ఏం కనిపించిందో తిన్నవారు తినబోయేవారికి ముందుగా చెప్పరు. ఇలా తిన్నవారికి ఆకలి, దాని వెంట బతుకు మీద ఆశ తిరిగి వస్తాయని ఈ తీరమంతా నమ్మకం.

గిన్నె అందిస్తూ అర్చకురాలు మంత్రం చదవదు. "అడుగు కనబడేదాకా తిను తల్లీ," అంటుంది. తినేవారు చివరి ముద్ద మింగి తలెత్తేవరకు ఆమె ఎదురుగానే కూర్చుని ఉంటుంది.