పొర మీద చెయ్యి

కెజియాకు దొరికిన దవడ ఎముక చిటికెన గోరంత ఉంది. దానికి మూడు పళ్లు. కోతులకూ మనకూ కూడా తాతముత్తాత అనదగ్గ, ఎలకంత జంతువు పళ్లు అవి. లిగ్నైట్ గనిలో, తూర్పు గోడ మీద, బొగ్గు పొరను ఆనుకుని ఉన్న బంకమన్నులో దొరికాయి. పరిశోధన పేరిట నాలుగేళ్లుగా ఎండలో కూర్చుని మన్ను జల్లెడ పట్టిన పిల్ల. సంతోషంతో ఆ పూట అన్నం కూడా సరిగా తినలేకపోయింది.

చిక్కంతా వయసు దగ్గర వచ్చింది. అంత పాత ఎముక తన వయసు తాను చెప్పదు, అది పడుకున్న పొర చెప్పాలి. ఆ గనిలో బొగ్గు పొరలు రెండు. కిందిది బాగా పాతది, పైది చాలా తరవాత వచ్చింది. పడమటి గోడలో రెండూ కనిపిస్తాయి, వాటి మధ్య వయసు తెలిసిన సముద్రపు గవ్వలు కూడా ఉన్నాయి. తూర్పు గోడలో కనిపించేది ఒక్క పొరే. గవ్వల జాడ లేదు.

రెండు గోడలకూ మధ్య గని పెద్ద వంపు తిరుగుతుంది. పడమటి గోడలోని కింది పొరతో ఎత్తు సరిపోయింది, నలుపూ సరిపోయింది కనక తనది కింది పొరే అని కెజియా తేల్చేసింది. అలాగైతే ఈ దేశంలో దొరికిన వాటిలో ఇంతకన్నా పాతది లేనట్టే. ఆ మాటే గట్టిగా నొక్కి చెబుతూ వ్యాసం రాసి, గురువుగారికి పంపింది.

గురువు పరాంకుశంగారు రిటైరై చాలా కాలమైంది. మోకాళ్లు మొరాయిస్తున్నా కర్ర పట్టుకుని గనుల్లోకి దిగడం మానలేదు. వ్యాసం చదివి మర్నాడే గోడ దగ్గరికి వచ్చారు.

“నల్లనివన్నీ నీళ్లేనా అమ్మాయ్?” అన్నారు.

కెజియాకు చురుక్కుమంది. “ఎత్తు కూడా కలిసింది మాస్టారూ. అయినా రేపు పొద్దున ఈ గోడంతా తవ్వేస్తారట. ఆ తరవాత కాదనేవాళ్లెవరు?”

ఆయన కోప్పడలేదు. కర్ర పక్కన పడేసి, మూలుగుతూ నేల మీద కూర్చున్నారు. దవడ దొరికిన చోట బొగ్గు పొర మీద అరచెయ్యి ఆనించారు.

“ఈ కొస నేను పట్టుకుంటాను. నువ్వు దీని మీదే చెయ్యి వేసి పడమటి గోడ దాకా నడువు. మధ్యలో చెయ్యి తియ్యకు.”

“మీరు ఎండలో ఎందుకు మాస్టారూ? గుర్తు పెట్టి వెళదాం.”

“నా సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు బయల్దేరు.”

కెజియా గోడ వెంట నడిచింది. వంపు తిరిగాక మాస్టారు కనపడలేదు. అక్కడ గోడ విరిగిపడి పెద్ద మట్టి గుట్ట అడ్డంగా ఉంది. ఇన్నాళ్లూ దాన్ని చుట్టి వెళ్లేది. గుట్ట అవతల, సరిగ్గా అదే ఎత్తులో, నల్లటి పొర మళ్లీ కనిపిస్తోంది.

చుట్టి వెళ్లి, చెయ్యి తియ్యలేదని చెబితే మాస్టారు నమ్ముతారు. ఇంతవరకూ ఆమె మాట ఆయన నమ్మకపోవడమన్నది లేదు. కెజియాకు ఆయన మీద పీకలదాకా కోపం వచ్చింది. చున్నీ నడుముకు బిగించి, గుట్ట పక్కన గనివాళ్లు వదిలేసిన పార అందుకుంది.

తవ్విన కొద్దీ మన్ను జారింది. జారిన కొద్దీ ఎత్తి పోసింది. పొద్దు నడినెత్తి దాటింది, చేతులు బొబ్బలెక్కాయి. గుట్ట తరిగేదాకా కదిలేది లేదనుకుంది, కదల్లేదు.

మట్టి వెనక పొర తిన్నగా పోలేదు. పైకి వంగి, ఒక ఏటవాలు పగులు దగ్గర తెగిపోయింది. ఏ కాలంలోనో నేల విరిగి తూర్పు వైపంతా కిందికి దిగిపోయింది. ఆమె పొర అడుగున సన్నటి పసుపు మట్టి చార ఉంది. పగులు అవతల అదే ఎత్తులో ఉన్న నలుపుకు ఆ చార లేదు. తలెత్తి చూసింది. నిచ్చెన వేస్తే గాని అందనంత ఎత్తున, పై పొర అడుగున ఉంది ఆ పసుపు చార.

కెజియా అక్కడే కూలబడి కాసేపు ఏడ్చింది. ఆ తరవాత మొహం తుడుచుకుని వెనక్కి నడిచింది.

మాస్టారు నెత్తిన తువ్వాలు వేసుకుని అలాగే కూర్చుని ఉన్నారు. చెయ్యి పొర మీదే ఉంది.

“ఇది పై పొర మాస్టారూ. మధ్యలో నేల విరిగింది.”

“చూశావా?”

“పట్టుకుని చూశాను.”

ఆయన అప్పుడు చెయ్యి తీశారు. ఆమె భుజం ఆసరాతో లేచారు. “పద, వెలుగుండగానే ఆ పగులు కొలిచి ఫొటోలు తీద్దాం. రేపు అడిగినవాళ్లకి చూపించాలిగా.”

ఇద్దరూ వంపు వైపు నడిచారు. కొంత దూరం పోయాక కెజియా ఉండబట్టలేక అనేసింది.

“నా దవడ వయసు తగ్గిపోయింది మాస్టారూ.”

పరాంకుశంగారు నడక ఆపలేదు.

“దాని వయసు నిన్నా ఇంతేనమ్మా.”