బీటకు ఆముదం

గుండ్లమిట్టలో తెలివి అందరికీ ఉండేది. కాకపోతే మిగతావాళ్ళు దాన్ని అవసరమైనప్పుడు వాడేవాళ్ళు, గురవయ్య ఇంట్లోవాళ్ళు పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా వాడేవాళ్ళు. ఆ ఇంట్లో ఉండేది నలుగురు. గురవయ్య, అతని తమ్ముళ్ళు తిరుపాలు, ఓబులేసు, గురవయ్య భార్య నాంచారమ్మ. నలుగురిలో తనకే తెలివి ఎక్కువని నాంచారమ్మ నమ్మకం. మిగతా ముగ్గురూ ఎవరికి వాళ్ళు అలాగే నమ్మేవాళ్ళు గనక ఆ విషయం మీద ఇంట్లో తగాదా అన్నది లేదు.

కాపురానికొచ్చిన పదిహేనేళ్ళూ నాంచారమ్మ కారే పూరిపాకలోనే గడిపింది. వానొస్తే గిన్నెలన్నీ కారేచోట్ల పెట్టి, వండుకోవడానికి గిన్నె లేక పస్తు పడుకునేవాళ్ళు. కిందటేడు పెంకుటిల్లు వేసుకున్నారు. మట్టి తానే తొక్కింది, గోడలు తానే అలికింది. ఆ ఇంటిని చూసుకుంటే ఆమెకు అన్నం తినకపోయినా కడుపు నిండేది. అలాంటిది, మొన్న భూమి కాస్త అదిరి వాకిట్లోంచి నట్టిల్లు దాటి పెరటి అవతలిదాకా బీట పడేసరికి ఆమె ప్రాణం విలవిల్లాడింది.

బీట చూడ్డానికి పట్నం నుంచి రాళ్ళ ఆఫీసు మేడమ్ వచ్చింది. వయసు చిన్నది, ఓపిక పెద్దది.

"మా ఇల్లు ఉంటుందా మేడమ్?" అని అడిగింది నాంచారమ్మ.

మేడమ్ వాకిట్లో పొయ్యికి పెట్టిన ఇటుకలు రెండు తీసి, పక్కపక్కన ఆనించి, వాటి మీద నీళ్ళచెంబు పెట్టింది.

"చూడండమ్మా. భూమిలోపల బండరాయి ఇలా రెండుగా విరిగి ఉంది. దీన్ని భ్రంశం అంటారు. ఈ పక్క బండ ఇటు తోస్తుంది, ఆ పక్క బండ అటు తోస్తుంది. గరుకు రాళ్ళు కదా, ఒకదాన్నొకటి పట్టుకుని కదలవు. కదలకపోయినా తోపుడు ఆగదు. ఏళ్ళ తరబడి లోపల పేరుకుంటుంది. ఒకనాడు పట్టు తప్పి రెండూ ఒక్కసారిగా జారతాయి."

ఇటుకలు జర్రున జారాయి. చెంబు దొర్లింది.

"అదే భూకంపం," అంది మేడమ్.

ఒలికిన నీళ్ళను నలుగురూ శ్రద్ధగా చూశారు. "మరి ఈ చెంబేంది?" అన్నాడు ఓబులేసు.

"చెంబంటే మీ ఇల్లనుకోండి."

నాంచారమ్మ గబుక్కున చెంబు తీసుకుని కొంగుతో తుడిచి గుండెకు హత్తుకుంది. అదిరినప్పుడు ఆరుబయటకు పరుగెత్తమని చెప్పి, మళ్ళీ వస్తానని మేడమ్ వెళ్ళిపోయింది.

"భూకంపం తెచ్చే ఇటుకలు కళ్ళముందే ఉంటే ఇంకా చూస్తా ఉంటారేంది?" అన్నాడు తిరుపాలు. అంతే. ఒక ఇటుకను ఊరికి తూర్పున పాతాడు, రెండోదాన్ని పడమట పాతాడు. ఇవి ఈ జన్మలో ఒకదాన్నొకటి తోసుకోలేవని చేతులు దులుపుకుని వచ్చేసరికి, రెండిటుకలు తగ్గిన పొయ్యి మీద కుండ ఒరిగి సంగటి బూడిదపాలైంది. ఆ పూట అందరూ మజ్జిగ తాగారు.

అయినా బీట అలాగే ఉంది. నాంచారమ్మ చెంబు ఒళ్ళో పెట్టుకుని దీర్ఘంగా ఆలోచించింది.

"గరుకుగా ఉండబట్టే కదయ్యా అవి పట్టుకునేది. ఇరుసు పట్టేస్తే బండికి ఏం చేస్తావు నువ్వు?"

"కందెన పెడతా," అన్నాడు గురవయ్య.

ఇంకేముంది! ఇంట్లో ఉన్న ఆముదమంతా బీటలో పోశారు. చాల్లేదు. వేరుశెనగ నూనె పోశారు. అదీ చాలక, పండక్కి దాచిన నేతిగిన్నె కూడా వంచింది నాంచారమ్మ. ఇల్లు నిలబడితే పండగలు ఎన్ని రావు అనుకుంది. బీట తాగినంత తాగింది, మిగిలింది వాకిలంతా పరుచుకుంది. సాయంత్రం పొలం నుంచి వచ్చిన ఎద్దు వాకిట్లో కాలు పెట్టింది. పెట్టిన కాలు పెట్టినట్టే జారుకుంటూ పోయి వసారా గుంజను ఢీకొట్టింది. గుంజ విరిగింది, చూరు వంగింది, ఎద్దు బిత్తరపోయి కూర్చుంది.

"ఎంత సులువుగా జారిందో చూశావా వదినా!" ఓబులేసు సంబరంగా అన్నాడు. "ఎద్దే ఇట్టా జారితే బండలకేం అడ్డం?"

నాంచారమ్మకు సంబరం కలగలేదు. వంగిన చూరు చూస్తే ఆమెకు పాత పాక గుర్తొచ్చింది. రాత్రంతా ఆలోచించి పొద్దున్నే మగవాళ్ళను కూర్చోబెట్టింది.

"ఈ పక్క ఇటు, ఆ పక్క అటు పోతాయంట. మన ఇల్లేమో రెండు పక్కలా కూర్చుంది. రెండెద్దులు చెరో దిక్కూ లాగితే మధ్యలో పలుపు తెగుతుందా లేదా? అదే ముందే విప్పేస్తే?"

"ఎద్దులూ క్షేమం, పలుపూ క్షేమం," అన్నాడు తిరుపాలు. వదిన తెలివి చూసి అతనికి కొంచెం అసూయ కలిగింది.

అంతే. గడ్డపారలూ రంపమూ బయటికొచ్చాయి. బీట వెంబడి ముందు గోడా వెనక గోడా నిలువునా కోసేశారు. తలుపు రెక్క చెరొకటి వచ్చింది గనక రెండు సగాలకూ న్యాయం జరిగిందనుకున్నారు. తూర్పు సగం మొగుడూ పెళ్ళాలది, పడమటి సగం తమ్ముళ్ళది. తీరా చూస్తే బియ్యం తూర్పున ఉన్నాయి, వంటపొయ్యి పడమట ఉంది. బియ్యం అటు మోసుకెళ్తే ఇల్లు మళ్ళీ కలిసిపోతుందని భయపడి, నాంచారమ్మ బీటకు ఇవతల నిలబడి అవతలి కుండలోకి గుప్పెడు గుప్పెడు విసిరింది. ఆ రోజు ఇంట్లోవాళ్ళకంటే కోళ్ళే బాగా తిన్నాయి.

ఇక మిగిలింది దూలం ఒక్కటే. తమ్ముళ్ళిద్దరూ రంపం పట్టుకుని పైకెక్కారు. ఎటు కూర్చుంటే అటు బరువెక్కుతుంది గనక, కోసేచోటికి చెరో పక్కన ముక్కులు రాసుకునేంత దగ్గరగా కూర్చోమని గురవయ్య కింద నుంచి సలహా ఇచ్చాడు. నాంచారమ్మ చెంబు పట్టుకుని వాకిట్లో నిలబడింది. గంటసేపు కోశారు. దూలం ఫెళ్ళుమంది. అసలే గుంజ లేని కప్పు, పెంకులన్నీ ఒక్కసారి కిందికి దూకాయి. వాటి వెనకే గోడలు. తమ్ముళ్ళు మట్టికుప్ప మీద మెత్తగా పడ్డారు. గురవయ్య నెత్తిన పెంకు పెట్టుకుని దుమ్ములోంచి దగ్గుతూ వచ్చాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

నాంచారమ్మ చెంబును చూసింది. చెంబు బాగానే ఉంది. ఇంటిని చూసింది. చెంబంటే ఇల్లేనన్న మేడమ్‌కి అంత బాగా తెలియదేమోనన్న అనుమానం ఆమెకు అప్పుడే మొదటిసారి వచ్చింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది. తను తొక్కిన మట్టి, తను అలికిన గోడ, అంతా కుప్పగా పడి ఉంది. ఆమె ఆ కుప్ప పక్కన కూర్చుని పొద్దుగూకేదాకా ఏడ్చింది.

మర్నాడు పొద్దున అంబలి తాగే వేళకు నిజంగానే భూమి అదిరింది. గిన్నెలు గలగలమన్నాయి, కుక్కలు మొరిగాయి, ఊరంతా బయటికి పరుగెత్తింది. వీళ్ళు నలుగురూ ముందే బయట ఉన్నారు గనక కదలకుండా అంబలి తాగుతూ కూర్చున్నారు. నాలుగు గుక్కలు తాగేలోపు అదురు ఆగిపోయింది.

మధ్యాహ్నానికి మేడమ్ వచ్చింది. ఊరంతా తిరిగింది. ఒక్క పెంకు రాలలేదు, ఒక్క గోడ పగల్లేదు. చివరికి వీళ్ళ వాకిట్లోకొచ్చి మట్టికుప్ప చుట్టూ ఒకసారి తిరిగింది.

"అయ్యో! ఇంత చిన్న అదురుకే మీ ఇల్లు మొత్తం పడిపోయిందా?"

"ఛ, భూకంపానికి కాదు మేడమ్," అంది నాంచారమ్మ, కళ్ళు తుడుచుకుంటూనే కాస్త తల ఎత్తి. "దానికంత అవకాశం మేమివ్వలేదు."

జరిగిందంతా విని మేడమ్ మట్టికుప్ప మీద కూలబడింది. తర్వాత లేచి, చిన్నపిల్లలకు చెప్పినట్టు ఒక్కో మాటే చెప్పింది.

"ఇల్లు మళ్ళీ కట్టుకోండి. ఇక్కడ మాత్రం వద్దు. ఇక్కణ్ణుంచి వంద అడుగులు దూరం పోయి కట్టుకోండి. ఇంకేమీ చెయ్యకండి."

ఈసారి సొంత తెలివి వాడకూడదని నలుగురూ ఒట్టు పెట్టుకున్నారు. మేడమ్ బండి కనుమరుగయ్యాక ఇంటి కుప్ప దగ్గర వరసగా నిలబడ్డారు. అడుగులు వంకర పోతే వంద సరిగ్గా రావని తిరుపాలు అన్నాడు. తిన్నగా పోవాలంటే నేల మీద గీత ఉండాలని ఓబులేసు అన్నాడు. గీత కోసం వెతికే పనిలేకుండా కాళ్ళ దగ్గరే ఉందని గురవయ్య చూపించాడు. ఇంకేముంది! అడుగులో అడుగేసుకుంటూ, బీట వెంబడే, ఒక్క అంగుళం పక్కకు జరక్కుండా వంద అడుగులు నడిచారు. వందో అడుగు దగ్గర మేకు దిగ్గొట్టి, నాలుగు మూలలా సున్నం గీత గీశారు.

నాంచారమ్మ ఆ కొత్త స్థలాన్ని ఒక మూల నుంచి ఇంకో మూలకు చూసుకుంది. నట్టనడుమ నిలువునా బీట కనిపించింది. ఎన్నాళ్ళకో ఆమె ముఖం విప్పారింది.

"చూశావటయ్యా, చదువుకున్నోళ్ళ మాట వింటే ఎంత లాభమో! సగం పునాది భూమే తవ్విపెట్టింది!"